ఓగ్బెచే: పదహారో క్లబ్బు హైదరాబాద్

నైజీరియా ఫుట్‌బాల్ స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఓగ్బెచే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో మొదటి మ్యాచ్ ఆడేనాటికి 34 ఏళ్ళు నిండాయి. ఆ వయసు విదేశీ స్ట్రైకర్ వస్తున్నాడంటే ఆఖరి జీతం కోసమేనని అనుకోవడం మనకు అలవాటు. అయిదు సీజన్లు, నాలుగు క్లబ్బులు, 98 మ్యాచ్‌లు, 63 గోల్స్. అందులో 28 గోల్స్ హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీలో కొట్టినవి. "ఇక్కడ లీగ్ స్థాయి తక్కువ, అందుకే కొట్టాడు" అని తేల్చేసేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పారిస్ క్లబ్బు పీఎస్‌జీలో అతనికి సీనియర్ అయిన ఫ్రెంచ్ స్ట్రైకర్ నికొలస్ అనెల్కా 2014లో ఇదే లీగ్‌కు వచ్చి, ముంబయి సిటీ తరఫున ఆ సీజన్లో రెండే గోల్స్ చేశాడు. లీగ్ ఒకటే, ఫలితాలకు మాత్రం పొంతన లేదు.

ఓగ్బెచే 1984 అక్టోబర్ 1న నైజీరియాలోని ఓగోజాలో పుట్టాడు. కుర్రతనంలోనే పీఎస్‌జీ అకాడమీలో చేరి, 2001-02 సీజన్లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఒకోచా, రొనాల్డీన్యో ఆడుతున్న జట్టు అది. 2002 ప్రపంచ కప్‌కు నైజీరియా తీసుకెళ్ళినప్పుడు అతనికి ఇంకా పదిహేడే. అంత తొందరగా పైకి వచ్చిన కుర్రాడు పీఎస్‌జీలో మాత్రం నిలదొక్కుకోలేకపోయాడు. ఫ్రాన్స్‌లోనే బాస్తియాకూ మెట్జ్‌కూ తాత్కాలికంగా, లోన్ మీద పంపారు, 2005లో పూర్తిగా వదులుకున్నారు.

అక్కడి నుంచి మొదలైన తిరుగుడు చూడండి. అబుదాబీలో అల్ జజీరా, స్పెయిన్‌లో అలవేస్, వయాదోలిద్, కాదిజ్, గ్రీస్‌లో కవాలా, ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో, మళ్ళీ స్పెయిన్‌లో హెరెజ్, నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూ. ఆ తర్వాత ఇండియాలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్, కేరళ బ్లాస్టర్స్, ముంబయి సిటీ, హైదరాబాద్. ఏడు దేశాలు, పదహారు క్లబ్బులు.

ఇలాంటి కెరీర్ చూసి "నిలకడ లేని మనిషి" అనేస్తారు. అసలు కారణం ఎక్కువసార్లు కాగితాల్లో ఉంటుంది. పెద్ద క్లబ్బు ఒక స్ట్రైకర్‌ను కోట్లు పోసి కొంటే, అతను ఆరు మ్యాచ్‌లు గోల్ కొట్టకపోయినా ఏడో మ్యాచ్‌లో దింపుతుంది, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా. ఫ్రీగా, ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాడికి ఆ ఓపిక దొరకదు. కోచ్ మారితే చాలు, అతని చోటు పోతుంది. క్లబ్బు మునిగినా అంతే. కవాలానే తీసుకోండి, 2011లో గ్రీస్‌ను కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో ఆ క్లబ్బును కింది డివిజన్లకు దించేశారు. ఓగ్బెచే ఆ ఏడాది సీజన్ మొదలైపోయాక, ఫ్రీ ఏజెంట్‌గా మిడిల్స్‌బ్రోలో చేరాడు. ప్రీ-సీజన్ లేకుండా అలా మధ్యలో చేరిన స్ట్రైకర్‌కు వింగర్లు ఎప్పుడు క్రాస్ వేస్తారో, ఏ కాలితో వేస్తారో తెలిసేసరికే రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి కాంట్రాక్టు సగం అయిపోతుంది.

ఇండియాలోనూ దాదాపు ఏడాదికో క్లబ్బే. తేడా ఏమిటంటే, ఈసారి మారిన ప్రతిసారీ చేరింది అతని ఆట తెలిసిన చోటికో, బంతి అందించే జట్టుకో. 2018-19లో నార్త్‌ఈస్ట్‌కు 18 మ్యాచ్‌ల్లో 12 గోల్స్ కొట్టాడు, ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్ చేరింది. చెన్నయిన్ మీద 1-3తో వెనకబడి ఉన్నప్పుడు మొదటి సగంలోనే హ్యాట్రిక్ పూర్తి చేసి స్కోరు సమం చేశాడు, నార్త్‌ఈస్ట్ ఆ మ్యాచ్ 4-3తో గెలిచింది. కోచ్ ఎల్కో షటోరీ మరుసటి సీజన్‌కు కేరళకు వెళితే ఓగ్బెచే కూడా వెళ్ళాడు. అక్కడ 16 మ్యాచ్‌ల్లో 15 గోల్స్.

ఆ కేరళ సీజన్ చూస్తే స్ట్రైకర్ ఎంతవరకు లాగగలడో తెలిసిపోతుంది. 2020 ఫిబ్రవరిలో కొచ్చిలో చెన్నయిన్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, అయినా కేరళ 3-6తో ఓడింది. ముందు ఎంత కొట్టినా వెనక గోడ లేకపోతే అంతే. బ్లాస్టర్స్ ఏడో స్థానంతో సరిపెట్టుకుంది, కోచ్‌ను మార్చారు, ఓగ్బెచే ముంబయికి వెళ్ళిపోయాడు.

ముంబయిలో సంఖ్య పడిపోయింది, 23 మ్యాచ్‌ల్లో 8. కోచ్ సెర్జియో లొబేరా దగ్గర మరో స్ట్రైకర్ ఆడం లె ఫాండ్రే కూడా ఉన్నాడు. ఒకే చోటుకు ఇద్దరు కాబట్టి చాలాసార్లు బెంచీ మీద నుంచి రావాల్సి వచ్చింది. కానీ 2021 మార్చి 13న ఏటీకే మోహన్ బగాన్‌తో ఫైనల్లో ఆఖరి నిమిషాలు మళ్ళీ చూడండి. స్కోరు 1-1. పొడుగ్గా వచ్చిన బంతి కోసం గోల్‌కీపర్ అరిందం భట్టాచార్య ముందుకొచ్చి పట్టు తప్పాడు. అలాంటి బంతి వందలో తొంభైసార్లు కీపర్‌కే చిక్కుతుంది, అందుకే చాలామంది స్ట్రైకర్లు పరుగు ఆపేస్తారు. ఓగ్బెచే ఆపలేదు, బంతి దక్కించుకున్నాడు. అక్కడి నుంచి తానే గోల్ వైపు కొట్టాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది. అతను తలెత్తి చూసి, మంచి చోట నిలబడ్డ బిపిన్ సింగ్‌కు అందించాడు. 2-1, కప్పు ముంబయిది. అతని ఇండియా కెరీర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ పాస్, గోల్స్ దీని తర్వాతే.

2021లో హైదరాబాద్‌కు వచ్చేసరికి 36. ఆ సీజన్ నుంచే ఒక నిబంధన మారింది: మైదానంలో విదేశీయులు అయిదుగురి బదులు నలుగురే. ఒక సెంటర్ బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్, ఒక ప్లేమేకర్, ఒక స్ట్రైకర్ అనుకుంటే కోటా నిండిపోతుంది. అంటే ముప్పయ్యారేళ్ళ మనిషికి ఇచ్చిన ఆ ఒక్క చోటు వృథా అయితే సీజనే పోతుంది. కోచ్ మనోలో మార్కెజ్ ఆ చోటు అతనికిచ్చి, జట్టును అతని చుట్టూ సర్దాడు. ముందు ఒక్కడే స్ట్రైకర్ ఉండే 4-2-3-1 అమరికలో ఫుల్ బ్యాక్‌లు, అంటే రెండు పక్కలా ఆడే డిఫెండర్లు, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ పైకి పరుగెత్తి వెడల్పు ఇస్తే, వింగర్లు లోపలికి వచ్చేవాళ్ళు. ప్రత్యర్థి డిఫెండర్ల మీద పడి ఒత్తిడి పెట్టే పరుగంతా ఈ కుర్రాళ్ళది. ఓగ్బెచే సత్తువ పెనాల్టీ బాక్స్ కోసం దాచి ఉంచేవాళ్ళు.

బాక్స్‌లో అతను ఏం చేసేవాడో చూడాలంటే బంతిని వదిలేసి అతన్నే చూడాలి. క్రాస్ పక్క నుంచి వస్తుందనగా అతను సెంటర్ బ్యాక్ ముందు నిలబడడు, వీపు వెనక, కొంచెం దూరంగా ఉంటాడు. డిఫెండర్‌కు బంతీ మనిషీ ఒకేసారి కనిపించని చోటు అది. బంతి వింగర్ దగ్గరికి చేరగానే మొదటి పోస్ట్ వైపు రెండడుగులు వేస్తాడు, డిఫెండర్ అటు కదులుతాడు, అప్పుడు ఓగ్బెచే ఆగిపోతాడు. ఆ ఆగడమే అసలు పని. డిఫెండర్ తన ఊపును ఆపుకునేలోపు అతనికి గజం ఖాళీ దొరుకుతుంది. గోల్ లైన్ దగ్గర నుంచి వెనక్కి ఇచ్చే కట్‌బ్యాక్ అయితే పెనాల్టీ స్పాట్ దగ్గర, ఎత్తు బంతి అయితే రెండో పోస్ట్ దగ్గర. ఆ తర్వాత రెండు స్పర్శలకు మించి తీసుకోడు. పరుగు తగ్గిన కాళ్ళతో మూడో స్పర్శకు పోతే ఎవరో ఒకరు అడ్డం పడతారని అతనికి తెలుసు. పిల్లలకు స్ట్రైకింగ్ నేర్పే కోచ్‌లు అతని హైదరాబాద్ వీడియోలు పెట్టి, ఎక్కడ ఆగాడో అక్కడ ఆపి చూపించాలి. మన మైదానాల్లో కుర్రాళ్ళకు పరుగు నేర్పుతారు, ఆగడం ఎవరూ నేర్పరు.

ఈ అమరికకు లోపం కూడా ఉంది. ఫుల్ బ్యాక్‌లను కదలనివ్వకుండా ఎదుటివాళ్ళు కట్టడి చేస్తే ముందున్న మనిషికి బంతే రాదు. అతను వెనక్కి పరుగెత్తి బంతి లాక్కునే రకం కాదు, కాబట్టి పదిమందితో ఆడుతున్నట్టు ఉంటుంది. అలాంటి మ్యాచ్‌ల్లో మార్కెజ్ మరో స్ట్రైకర్ హవియెర్ సివేరియోను కూడా దింపి ఇద్దరు స్ట్రైకర్లతో ఆడించేవాడు.

ఆ సీజన్లో 18 గోల్స్, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్. 2022 జనవరిలో ఈస్ట్ బెంగాల్ మీద 4-0 గెలుపులో హ్యాట్రిక్. గోవా స్ట్రైకర్ కోరో పేరిట ఉన్న 48 గోల్స్ ఐఎస్‌ఎల్ రికార్డునూ దాటేశాడు. కొవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే, మూడు మైదానాల్లో జరగడం అతని వయసుకు బాగా కలిసొచ్చిందని నా నమ్మకం. గువాహటి నుంచి కొచ్చికి విమానాలు ఎక్కి దిగే పని లేదు, ఆ సమయమంతా విశ్రాంతి. మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్, ఎదురుగా అతని పాత జట్టు కేరళ. 88వ నిమిషంలో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా కొట్టిన దెబ్బతో 1-1, షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో హైదరాబాద్ చాంపియన్. మన ఊరి పేరున్న క్లబ్బు దేశ చాంపియన్ అయిన సీజన్లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఇక్కడి అభిమానులు 18 గోల్స్‌నూ టీవీలోనే చూశారు.

కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించడం వల్ల 2022-23లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో అతన్ని నేరుగా చూసే అదృష్టం దక్కింది. 38 ఏళ్ళ వయసులో 10 గోల్స్, జట్టు లీగ్‌లో రెండో స్థానం. 2023లో క్లబ్బు వదిలాడు. అతని 63 గోల్స్ రికార్డును 2024-25 సీజన్లో సునీల్ ఛెత్రి దాటాడు. ఆ సంఖ్య చేరడానికి ఛెత్రికి 150కి పైగా మ్యాచ్‌లు పట్టాయి, ఓగ్బెచేకు 98.