మోకు పట్టుకుని కొండెక్కే బండి

శాన్ ఫ్రాన్సిస్కోలో కేబుల్ కారు ఎక్కిస్తానని మా అమ్మాయి అంటే, విశాఖ కైలాసగిరి రోప్‌వే లాంటిదేదో అనుకున్నాను. తీరా చూస్తే అది రోడ్డు మీద పట్టాలపై నడిచే బండి! దానికి ఇంజను లేదు. రోడ్డు కింద కాలువలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఉక్కు మోకు పరుగెడుతూనే ఉంటుంది. బండి నడిపే గ్రిప్‌మ్యాన్, పట్టాల మధ్య రోడ్డులో ఉన్న సన్నని చీలికలోంచి పట్టకారు లాంటి సాధనంతో దాన్ని పట్టుకుంటే బండి కదులుతుంది.

పావెల్ వీధిలో చాంతాడంత వరుస ఉంది. కాలిఫోర్నియా వీధి లైనుకు వెళితే వెంటనే చోటు దొరికింది.

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ని, నా చూపు బ్రేకుల మీదే. చక్రాలకు ఒకటి, పట్టాలను అదిమే చెక్క దిమ్మలు ఇంకొకటి. రెండూ విఫలమైతే ఆ చీలికలోకి ఉక్కు మేకు దిగుతుంది. ఒక్కోసారి దాన్ని గ్యాసుతో కోసి తీయాల్సి వస్తుందట. నోబ్ హిల్ ఎక్కుతుంటే నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

ఇనుప తాళ్లు తయారుచేసే ఆండ్రూ హాలిడీ 1873లో క్లే వీధిలో మొదటి బండి నడిపాడు. తర్వాత ఊరంతా లైన్లు అల్లుకున్నాయి. 1906 భూకంపం చాలావాటిని మింగింది, ట్రాములు మరికొన్నింటిని. 1947లో మేయరు పావెల్ లైన్లు ఎత్తేద్దామంటే ఫ్రీడెల్ క్లస్‌మన్ అనే మహిళ ఉద్యమం నడిపి, ఓటింగులో గెలిచి నిలబెట్టింది. ఇప్పుడున్నవి మూడే.

మేమెక్కిన లైను వాన్ నెస్ అవెన్యూ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందు వీధి తిన్నగా పోతోంది, పట్టాలు లేవు. 1954 దాకా ఈ బండి ప్రెసిడియో అవెన్యూ వరకు వెళ్లేది.

"మళ్లీ పొడిగించవచ్చుగా?" అన్నాను.

"రోడ్డంతా తవ్వి కాలువ కట్టాలి నాన్నా. పైగా బండికి ఇద్దరు ఉద్యోగులు."

డిపో లెక్కలు నాకు తెలియనివి కావు. అయినా కనీసం ఫిల్‌మోర్ వీధి దాకా వేస్తే, ఇది పర్యాటకుల బొమ్మబండిగా మిగలకుండా ఊరివాళ్ల బండి అవుతుంది. ఇళ్లూ దుకాణాలూ అటే ఉన్నాయి.

గ్రిప్‌మ్యాన్ రెండో కొసకు నడిచి వెళ్లి అక్కడి లీవరు పట్టుకున్నాడు. తిరుగు ప్రయాణానికి మళ్లీ టికెట్ కొనాలంది అమ్మాయి. వద్దన్నాను. పాత లైను పోయిన దారినే, రెండు కిలోమీటర్ల పైచిలుకు, పడమరగా నడక మొదలుపెట్టాం.