బుల్‌డాగ్ పాడలేదు

మా 2012 పన్నెండో తరగతి బ్యాచ్ అనగానే అందరూ ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె సంగతే ఎత్తుతారు. 2011 సెప్టెంబర్ 13న మొదలై అక్టోబర్ 24 దాకా నడిచింది. బస్సుల్లేవు, బడి ఉందో లేదో పొద్దున్నే ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం, సింగరేణిలో బొగ్గు ఆగిపోయి కరెంటు కోతలు, సిలబస్ ఎప్పటికయ్యేనని ఇళ్ళల్లో గోల. నాకు మాత్రం ఆ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది మన స్కూలు ఆఫీసు రూమూ, అందులో ట్రాన్‌స్క్రిప్ట్ అనే కాగితం పుట్టిన తీరూ.

అమెరికాలో యేల్ యూనివర్సిటీకి నేను ఎర్లీగా అప్లై చేశాను. ఎందుకు యేల్ అంటే పెద్ద కథేం లేదు. అప్పట్లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్న అమెరికన్ కాన్సులేట్ వాళ్ళు విద్యార్థులకి పెట్టిన ఒక మీటింగ్‌కి వెళ్ళాను, అక్కడ విన్నది ఒక్క మాట: కొన్ని యూనివర్సిటీలు బయటి దేశాల పిల్లల విషయంలో కూడా ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడకుండానే సీటు ఇస్తాయి, ఇచ్చాక ఎంత తక్కువ పడితే అంత వాళ్ళే భరిస్తారు. ఆ కొన్నింట్లో యేల్ ఒకటి. మా నాన్న ఆర్టీసీ డిపోలో క్లర్కు. ఇంక వేరే కారణం అక్కర్లేదు కదా.

ఎర్లీ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. మామూలుగా జనవరి మొదట్లో అప్లై చేస్తే మార్చి చివర్లో చెప్తారు, ఎర్లీ అయితే నవంబర్ 1లోపు పంపితే డిసెంబర్ మధ్యలో చెప్తారు. ఇందులో మళ్ళీ రెండు రకాలు. ఒక రకంలో సీటు వస్తే అక్కడే చేరతానని ముందే సంతకం పెట్టాలి. ఎంత సాయం ఇస్తారో నాలుగు చోట్ల చూసుకుని బేరీజు వేసుకోవాల్సిన ఇంట్లో ఆ సంతకం ఎవరు పెడతారండీ? నన్నడిగితే అది డబ్బున్నవాళ్ళ కోసం కట్టిన గేటు. యేల్‌ది రెండో రకం, వస్తే చేరొచ్చు, మానొచ్చు, కాకపోతే ఇంకో ప్రైవేటు యూనివర్సిటీకి ఎర్లీగా పంపకూడదు. మా ఏడాది ఇంకో తమాషా కూడా జరిగింది. కొన్నేళ్ళుగా ఎర్లీ పద్ధతి ఆపేసిన హార్వర్డ్, ప్రిన్స్‌టన్ సరిగ్గా అప్పుడే మళ్ళీ మొదలుపెట్టాయి, దాంతో యేల్‌కి ఎర్లీ అప్లికేషన్లు ముందు ఏడాది 5,257 ఉన్నవి 4,304కి పడ్డాయి. ఆ అంకెలు పట్టుకుని నేను వేసుకున్న లెక్కలు రఫ్ నోట్‌బుక్కులో జేఈఈ లెక్కల కన్నా ఎక్కువే ఉండేవి.

ఇక ట్రాన్‌స్క్రిప్ట్. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులన్నీ ఒకే కాగితం మీద స్కూల్ ముద్రతో కావాలి, పక్కన స్కూల్ కౌన్సెలర్ రాసే ఫారం. మన స్కూల్లో కౌన్సెలర్ అనే మనిషే లేరు అప్పట్లో. బంద్ రోజున ప్రిన్సిపాల్ మేడమ్ గేటు తీయించి, నడిచి రాగలిగే దూరంలో ఉన్న టైపింగ్ అంకుల్‌ని పిలిపించి కూర్చోబెట్టారు. కరెంటు పోయేలోపు టైపు కావాలి, పోతే మళ్ళీ వచ్చేదాకా ఆయన టీ తాగుతూ కూర్చునేవారు. జీపీఏ, అంటే సగటు గ్రేడు, అన్న గడి దగ్గర ఆగిపోయి, 'ఇది పాస్ పర్సంటేజా తల్లీ?' అని నన్నే అడిగారు. కౌన్సెలర్ పేరు అన్నచోట ఫిజిక్స్ సార్ తన పేరు రాసేసుకున్నారు, 'ఇవాళ్టి నుంచి నేనే' అని.

రికమెండేషన్ లెటర్ కూడా ఆయనదే. మొదట రాసింది అచ్చం కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉందని, నడవడి సంతృప్తికరం తరహాలో, మేడమ్ తిప్పి పంపారు. రెండోసారి ఆయన ల్యాబ్‌లో జరిగిన గొడవ రాశారు. పదకొండులో మా బ్యాచ్‌కిచ్చిన వెర్నియర్ కాలిపర్స్‌లో జీరో ఎర్రర్ ఉందని, అందరి రికార్డుల్లో రీడింగులూ తప్పేనని నేను పట్టుబట్టి, మొత్తం క్లాసు చేత మళ్ళీ రాయించాను. క్లాసు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఆ లెటర్ నాకు చూపించకూడదని రూలు, సార్ చూపించలేదు. స్టాఫ్ రూములో అందరికీ గట్టిగా చదివి వినిపించారు, సాయంత్రానికల్లా నాదాకా వచ్చింది.

అప్లికేషన్ ఫీజు మాఫీ చేయమని కూడా స్కూలే రాసిచ్చింది. అమెరికా కాలేజీలు అడిగే శాట్ పరీక్ష ఫీజుకి మాత్రం అప్పట్లో మన దేశం వాళ్ళకి మాఫీ లేదు, అది నాన్న పీఎఫ్ లోనులోంచి వచ్చింది. ఆర్థిక సాయం ఫారాలకి జీతం కాగితాలు కావాలి, నాన్నకి సమ్మె నెల జీతం రాలేదు. యేల్ ఉన్న ఊరు న్యూ హేవెన్‌లో కూర్చున్న ఆఫీసరుకి సకల జనుల సమ్మె అంటే ఏంటో అర పేజీలో ఎలా చెప్పాలని నాన్నా, ఫిజిక్స్ సారూ మా ఇంటి అరుగు మీద కూర్చుని చాలాసేపు కుస్తీ పట్టారు. ఆ అర పేజీ అప్లికేషన్‌కి నేను రాసిన వ్యాసాలన్నింటికన్నా బాగుందని నా అభిప్రాయం.

పంపేశాక అసలు టెన్షన్ మొదలైంది. చేయడానికి ఏమీ లేదు, అదే బాధ. పోర్టల్‌లో ఏమీ మారదని తెలిసీ రోజూ తెరవడం, ఏ కాగితం చేరలేదంటారోనని మెయిల్ చూడడం. 2012 ఏప్రిల్‌లో ఐఐటీ జేఈఈ, పాత పద్ధతిలో అదే చివరిది, పుస్తకం ముందు పెట్టుకుంటే పేజీ తిరిగేది కాదు. చుట్టాలు 'ఎంసెట్ కూడా రాస్తున్నావుగా?' అని జాలిగా అడిగేవారు. అమ్మ చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చింది. ఆయన వీసా బాలాజీ కదమ్మా, నాకింకా అడ్మిషనే రాలేదు అంటే, 'అదీ ఆయనే చూసుకుంటాడు, వీసా ఇచ్చేవాడికి సీటొక లెక్కా' అంది. కోరిక తీరితే నూట ఎనిమిది చేయాలి. దానికి నాన్న సెలవు కూడా అనుకుని ఉంచారు.

డిసెంబర్ మధ్యలో, వాళ్ళకి సాయంత్రం ఐదు, మనకి తెల్లవారుజామున మూడున్నర. సీటు వస్తే పేజీ తెరవగానే బుల్‌డాగ్ పాట పాడే వీడియో వస్తుంది, ఆ కుక్క యేల్ వాళ్ళ మస్కట్. ఈ సంగతి మా చెల్లికి చెప్పడం వల్ల అది కంప్యూటర్ స్పీకర్లు రెండూ ఫుల్ వాల్యూమ్‌లో పెట్టుకుని కూర్చుంది. నానమ్మ కూడా లేచింది. పేజీ ఎంతకీ తెరుచుకోదు, మోడెమ్ లైటు ఆరిపోవడం, వెలగడం, నాన్న దాని నెత్తిన చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూడడం. చివరికి తెరుచుకుంది. పాట లేదు. చెల్లి స్పీకర్ వైరు సరిచేసింది. 'వైరు కాదే' అన్నాను. తెర మీద ఉత్తరం ఉంది, నా అప్లికేషన్‌ని డిఫర్ చేశారట, మిగతా వాళ్ళతో కలిపి మార్చిలో మళ్ళీ చూస్తారట.

'అంటే పాసా, ఫెయిలా?' అంది నానమ్మ.

ఆ ప్రశ్నకి జవాబు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. కాదంటే ఏడ్చి పడుకునేదాన్ని, అవునంటే గంతులేసేదాన్ని, ఇది రెండూ కాదు. అమ్మ సమస్య ఇంకోటి, నూట ఎనిమిది చేయాలా వద్దా. ధనుర్మాసం మొదలయ్యే రోజులవి, మేమింకా ఆ మాటల్లో ఉండగానే వీధి చివర గుళ్ళో మైకు మొదలైంది, అమ్మ లేచి ముగ్గు గిన్నె తీసుకుని బయటికి వెళ్ళింది.

పొద్దున స్కూల్‌కి వెళ్ళేసరికి గేటు దగ్గర ఆయమ్మ దగ్గర్నుంచి అందరికీ తెలుసు ఈ రోజే రిజల్టని, టైపింగ్ అంకుల్ చెప్పేశారు. అసెంబ్లీ అయ్యేలోపు నేను డిఫర్ అన్న మాట కనీసం ఇరవై మందికి వివరించి ఉంటాను, చివరికొచ్చేసరికి 'వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటిది' అని తేల్చేశాను, అది అందరికీ ఠక్కున అర్థమైంది. మేడమ్ మాత్రం ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. మిడ్ ఇయర్ రిపోర్టు పంపాలి కదా, ప్రీ బోర్డ్స్‌లో కెమిస్ట్రీ పెంచు అన్నారు, అంతే.

తర్వాతి లెక్కలు చూస్తే, ఆ ఎర్లీలో 675 మందికి ఇచ్చారు, దాదాపు పదహారు శాతం. మొత్తం మీద చూస్తే ఆ ఏడాది ఏడు శాతానికి లోపే. ఎర్లీ అయితే సులువని జనం అనేది ఇందుకే. కానీ ఆ ఎర్లీ గుంపులో ఆటల కోటాలో కోచ్‌లు ముందే ఎంచుకున్నవాళ్ళు, తల్లిదండ్రులు అక్కడే చదివినవాళ్ళు ఉంటారు, పదో తరగతి నుంచే కౌన్సెలర్ వెంట ఉండి నడిపించినవాళ్ళు ఉంటారు, టైపింగ్ అంకుల్ కరెంటు కోసం ఎదురుచూసిన అప్లికేషన్ కూడా వాళ్ళ మధ్యనే ఉంటుంది. శాతం ఒకటే అయినా అందరికీ ఒకటే కాదు.

మార్చి చివర్లో కుదరదన్నారు. అప్పటికి అక్కడ గడియారాలు గంట ముందుకి జరిపేసుకుంటారు కాబట్టి మనకి రెండున్నరకే వచ్చింది, నేను మాత్రం హాయిగా పడుకుని పొద్దున పళ్ళు తోముకుని చూశాను. ఏప్రిల్ చివర ఎన్ఐటీల ఎంట్రన్స్ ఏఐఈఈఈ రాశాను, వరంగల్ ఎన్ఐటీలో సీటొచ్చింది, నాన్న డిపో బస్సులోనే దింపొచ్చారు. అమ్మ నూట ఎనిమిదీ చేసేసింది, ఏదో ఒక సీటు వచ్చిందిగా అని.

మొన్న ఈ స్కూలు సంచిక పనిమీద స్కూల్‌కి వెళ్తే ఇప్పుడు కౌన్సెలర్‌కి విడిగా గదే ఉంది, ఏసీతో. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ ఫార్మాట్ తెరిచి చూపించింది. పైన లెటర్‌హెడ్ మారింది కానీ కింద ఉన్నది మన అంకుల్ గీసిన గడులే, జీపీఏ పక్కన బ్రాకెట్లో పాస్ పర్సంటేజ్ అని కూడా అలాగే ఉంది. అది తీసేయమని చెప్పొచ్చాను.