రెండు కొటేషన్ గుర్తులు

"ఇది రాసేముందు ఆలోచించావా?" అని అడిగారు మా బృందంలో అందరికన్నా పెద్దాయన. పొద్దున్న జరిగే సమావేశంలో ఎనిమిది మందిమి నిలబడి ఉన్నాం. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ కష్టంగా తోచింది. కోపమైతే కాసేపటికి చల్లారుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగానికి చేరి అప్పటికి ఏడాదిన్నర. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టిన ఊరు ఇది. గైడో వాన్ రాసమ్ ఇక్కడి గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థలో పనిచేస్తుండగానే 1989 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టారు. ఆ భవనం మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్లినప్పుడల్లా నాకు గుడి ముందు నుంచి వెళ్తున్నట్టే ఉంటుంది.

మా కంపెనీ పైథాన్ 3.12 ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే ఆ భాషలో రాసినదాన్ని చదివి నడిపించే ప్రోగ్రామును, తన అవసరాలకు కొంత మార్చుకుని వాడుతుంది. ప్రోగ్రామర్లు కాని వాళ్లు కూడా అందులో నియమాలు రాస్తారు. వాళ్ల సౌకర్యం కోసం 'ఇఫ్ నాట్' బదులు 'అన్‌లెస్' అనే మాట చేర్చమన్నారు. (మనకైతే దానికి వేరే మాటే అక్కర్లేదు, 'రాకపోతే' అన్నప్పుడు క్రియలోనే ఒదిగిపోతుంది.) 2020లో పైథాన్ 3.9తో కొత్త పార్సర్ (రాసిన కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడదీసి చూసే భాగం) వచ్చాక ఇలాంటి మార్పు సులువైంది. వ్యాకరణమంతా 'పైథాన్.గ్రామ్' అనే ఒక్క ఫైలులో ఉంటుంది. అందులో సూత్రం రాసి 'మేక్ రీజెన్-పెజెన్' అని కొడితే పెజెన్ అనే పనిముట్టు సీ భాషలో పార్సర్‌ను దానంతటదే తయారు చేస్తుంది. నా సూత్రం షరతును తిరగేసి మామూలు ఇఫ్‌గానే మార్చేస్తుంది కాబట్టి తర్వాతి దశ అయిన కంపైలర్ జోలికే పోలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి.

నా తప్పల్లా ఆ మాటను ఒంటి కొటేషన్‌లో పెట్టడం. ఆ ఫైలులో ఒంటి కొటేషన్ అంటే గట్టి కీవర్డ్ (భాష పూర్తిగా తనకే అట్టిపెట్టుకున్న మాట), ఇక ఆ పేరు ఎవరూ దేనికీ పెట్టుకోకూడదు. జంట కొటేషన్ అంటే మెత్తని కీవర్డ్. సందర్భం కుదిరినప్పుడే కీవర్డ్, మిగతా చోట్ల మామూలు పేరు. 3.10లో 'మ్యాచ్'ను అలాగే చేర్చారు. అంతకు ముందు 2018లో 3.7 వచ్చి 'అసింక్'ను గట్టి కీవర్డ్ చేస్తే, ఆ పేరు వాడుకున్న లైబ్రరీలు పనిచేయడం మానేశాయి. మా పాత స్క్రిప్టుల్లో 'అన్‌లెస్' అనే ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు అందించే విలువ పేరు) నలభై చోట్ల ఉంది. ఆయన వెతికారు, నేను వెతకలేదు.

తప్పు నాదే, కాదనను. కానీ హైదరాబాదులో మా లీడ్ అయితే టీకి పిలిచి, "ఏమ్మా, ఇది ఇంకోసారి చూస్తావా?" అని ఉండేవారు. ఆ 'అమ్మా' ఉంటే ఎంత మాటైనా పడతాం. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి, మాటకు ముందూ వెనకా ఏమీ ఉండదు. ఆ సాయంత్రమే గుర్తులు మార్చి, పార్సర్ మళ్లీ తయారు చేసి పంపాను. "బాగుంది" అని ఒక్క మాట రాశారాయన. నాకు మాత్రం నెలల తరబడి ఆ ప్రశ్నే చెవిలో తిరిగింది.

మొన్న పోలండ్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఏకంగా 'పార్సర్.సి'లోనే మార్పులు చేశాడు. ఇది పెజెన్ తయారు చేసిన ఫైలని మొదటి వరుసలోనే ఉంటుంది, మళ్లీ తయారు చేయగానే అతని పనంతా పోతుంది. బృందమంతా చూసే కోడ్ రివ్యూలో రాయబుద్ధి కాలేదు. అతని బల్ల దగ్గరికి వెళ్లి నెమ్మదిగా చూపించాను.

పెద్దాయన గమనించారు. "రివ్యూలో రాసి ఉంటే మిగతావాళ్లకూ తెలిసేది కదా?" అన్నారు. అతని ముఖం చిన్నబోతుందని చెప్పాలనుకున్నాను. 'చిన్నబోవడం' అనే మాటకు ఇంగ్లిషు వెతుక్కుని, దొరక్క, రెండు మూడు రకాలుగా విడమరిచాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ రోజు నీకూ అలాగే అయిందా?"

ఏడు నెలల తర్వాత అవునన్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.