నలభై రోజుల క్లిక్కింగ్ సాధన: 6.4 నుంచి 12 దాకా

నేను ఆడేది మైన్‌క్రాఫ్ట్ జావా అనే కంప్యూటర్ గేమ్, అందులోనూ పాత 1.8 వెర్షన్ కత్తి ఫైట్లు. 2016లో వచ్చిన 1.9 అప్‌డేట్ తర్వాత కత్తితో ఒక దెబ్బ కొట్టాక 0.625 సెకన్లు ఆగితే గాని రెండో దెబ్బకి పూర్తి బలం రాదు. 1.8లో ఆ ఆగడం లేదు, అందుకే వేగంగా క్లిక్ చేయడం ఇష్టపడే మేమంతా ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాం. మా తమ్ముడు నన్ను వరసగా తొమ్మిది డ్యుయల్స్‌లో, అంటే ఒకరితో ఒకరు కొట్టుకునే ఫైట్లలో, ఓడించిన రాత్రి నా సీపీఎస్, అంటే సెకనుకి ఎన్ని క్లిక్కులో, మొదటిసారి కొలిచి చూసుకున్నా. పది సెకన్లలో 64. వాడు అదే మౌస్ తీసుకుని 110 కొట్టాడు.

మొదట జిట్టర్ క్లిక్కింగ్ పట్టుకున్నా. ముంజేయి కండరాలు బిగించి చెయ్యి మొత్తం సన్నగా వణికేలా చేస్తే ఆ వణుకే చూపుడు వేలితో బటన్ నొక్కిస్తుంది. మూడు రోజులు అసలు వణుకే రాలేదు, నాలుగో రోజు ఒక్కసారిగా 9 దాటింది. ఆ ఆనందంలో రోజుకి గంట చొప్పున చేశా, అదే నా పెద్ద తప్పు. పదకొండో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే మణికట్టు నుంచి మోచేయి దాకా లాగింది. ఐదు రోజులు మౌస్ ముట్టుకోలేదు. ఇది మొదలుపెట్టేవాళ్లకి గట్టిగా చెప్తున్నా: జిట్టర్ ఒక విడతకి పదిహేను సెకన్లు చాలు, తర్వాత నిమిషం విశ్రాంతి, మొత్తం కలిపి పది నిమిషాలు దాటొద్దు. నొప్పి గానీ తిమ్మిరి గానీ వస్తే ఆ రోజుకి ఆపేయాల్సిందే, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి.

పైగా జిట్టర్‌తో నాకు గురి పోయింది. చెయ్యి వణికితే మౌస్ కూడా వణుకుతుంది కదా, 10 సీపీఎస్ కొడుతున్నా సగం దెబ్బలు గాల్లోకే.

ఆ ఐదు రోజుల ఖాళీలో ఒక లెక్క వేసుకున్నా. గేమ్ సెకనుకి 20 టిక్కులతో, అంటే 20 చిన్న అడుగులుగా, నడుస్తుంది. ఒక దెబ్బ తగిలాక పది టిక్కులు, అంటే అర సెకను, ఎదుటివాడికి అదే బలంతో ఇంకో దెబ్బ తగలదు. అంటే ఎంత వేగంగా నొక్కినా సెకనుకి రెండు దెబ్బలే. మరి 12 క్లిక్కులు ఎందుకంటారా? ఆ అర సెకను ఎప్పుడు ముగుస్తుందో మనం కళ్లతో చూసి పట్టుకోలేం. 6 సీపీఎస్‌లో రెండు క్లిక్కుల మధ్య దాదాపు 167 మిల్లీసెకన్లు, 12లో 83. వేగం పెరిగితే ఆ అర సెకను ముగిసిన వెంటనే మన దెబ్బ పడే అవకాశం ఎక్కువ, ముందు తగిలిన దెబ్బతో ఎదుటివాడు వెనక్కి ఎగిరిపోతాడు కాబట్టి వాడి కత్తి మనదాకా రాదు. ఈ లెక్క అర్థమయ్యాక 20 దాటాలన్న కోరిక పోయింది, నాకు కావాల్సింది గురి చెడకుండా నిలకడగా 12.

అందుకే బటర్‌ఫ్లైకి మారా. ఒకే బటన్ మీద చూపుడు వేలు, మధ్య వేలు తబలా వాయించినట్టు ఒకదాని తర్వాత ఒకటి. మౌస్‌ని బొటనవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు పట్టుకోవాలి, ఇది అలవాటయ్యేసరికే వారం పట్టింది. నా పాత మౌస్‌లో బటర్‌ఫ్లై ఎంత కొట్టినా 8 దాటలేదు, కారణం డీబౌన్స్ అని తర్వాత తెలిసింది. స్విచ్ లోపలి లోహపు రేకు నొక్కినప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, దాన్ని రెండు క్లిక్కులుగా లెక్కేయకుండా మౌస్ కాసేపు కళ్లు మూసుకుంటుంది. ఆ కాసేపు ఎక్కువైతే రెండో వేలి క్లిక్ మింగేస్తుంది. డీబౌన్స్ మార్చుకునే సెట్టింగ్ ఉన్న మౌస్ 1,900 రూపాయలకి కొని 8 మిల్లీసెకన్ల దగ్గర పెట్టా. మరీ తగ్గిస్తే ఒక్క నొక్కుకే రెండు క్లిక్కులు పడతాయి, చాలా సర్వర్లలో దాన్ని మోసంగానే చూస్తారు, కాబట్టి ఆడే చోట నియమాలు ముందే చదువుకోవాలి. మన బదులు వాటంతటవే క్లిక్ చేసే ఆటోక్లిక్కర్, మాక్రోల జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

డ్రాగ్ క్లిక్కింగ్ కూడా రెండు రోజులు చూశా. బటన్ మీద వేలిని రాపిడితో జారిస్తే 25 పైనే పడతాయి, కానీ అది బ్లాకులు పేర్చుకుంటూ వంతెన కట్టడానికే పనికొస్తుంది, ఫైట్‌లో గురి నిలవదు. వదిలేశా.

ఈమధ్య జపాన్‌కి చెందిన తకహాషి మేజిన్ గురించి చదివా. 1980లలో హడ్సన్ సాఫ్ట్ అనే గేమ్స్ కంపెనీ మనిషి, సెకనుకి 16 సార్లు బటన్ నొక్కడంతోనే పేరు తెచ్చుకున్నాడు. మన ఈ పిచ్చికి నలభై ఏళ్ల చరిత్ర ఉందని తెలిసి భలే సంతోషమేసింది.

నలభయ్యో రోజు లెక్కలు: టెస్టులో 12.1, నిజం ఫైట్‌లో 9.8. కదులుతూ, గురి చూస్తూ కొట్టేటప్పుడు రెండు పైనే తగ్గుతున్నాయి, ఆ తేడా పూడ్చడమే ఇప్పుడు పని. రోజూ ఐదు నిమిషాలు గోడ మీద ఒకే చుక్కకి గురిపెట్టి సైడ్‌కి కదులుతూ క్లిక్ చేస్తున్నా. రాత్రి పది తర్వాత టకటక వినిపిస్తే అమ్మ పక్క గదిలోంచి కేకేస్తుంది, అందుకని సాధన పొద్దుటికి మార్చా, వేళ్లు కూడా పొద్దునే బాగా ఆడుతున్నాయి. నిన్న తమ్ముడితో పది డ్యుయల్స్‌లో నాలుగు గెలిచా. "అన్నా, ఇప్పుడు దెబ్బ దెబ్బకీ ముందుకు కదిలే డబ్ల్యూ కీ వదిలి మళ్లీ నొక్కడం నేర్చుకో, పరుగు మళ్లీ మొదలై ఇంకా దూరం ఎగురుతారు" అన్నాడు. రేపటి నుంచి అదే.