బాగా కొట్టే రోజుల లెక్క

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లను ఏం చేస్తుంటారని అడిగితే ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ అంటారు. నేనూ అదే అంటాను, ఉన్నది చెబితే ఎవరూ నమ్మరు కనుక. నిజానికి బేస్‌బాల్ కుర్రాళ్ల బ్యాటు ఎంత వేగంగా తిరిగింది, ముందు కాలు ఎప్పుడు నేలకు ఆనింది అన్నది కొలిచి బతుకుతున్నాను. ఒక శిక్షణ కేంద్రంలో వలల మధ్య కెమెరాలు బిగించి, బ్యాటు పిడి చివర సెన్సర్ తగిలించి, కంప్యూటర్ ముందు కూర్చుంటాను.

బంతి విసిరే పిచ్చర్‌కు, కొట్టేవాడు నిలబడే చోటు పక్కనుండే ప్లేటుకు మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాటు గుండ్రం, పెద్ద లీగ్‌లో ఎంత లావైనా 2.61 అంగుళాలు దాటకూడదు. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్. పదింట మూడు హిట్లు కొట్టినవాడు మొనగాడు. క్రికెట్‌లో అవుటైతే ఇంక కూర్చోవచ్చు. ఇక్కడ ఒక్క ఆటలోనే నాలుగైదు సార్లు వంతు వస్తుంది, అంటే ఒకే సాయంత్రం నాలుగుసార్లు తలవంపు.

అందుకే హిట్లు పడటం ఆగగానే కుర్రాడు బెదిరిపోతాడు. రోజుకో రకంగా నిలబడతాడు. తండ్రి చేతులు ఎత్తమంటాడు, స్కూలు కోచ్ దించమంటాడు. నేను చూసినంతలో చాలాసార్లు స్వింగ్‌లో, అంటే బ్యాటు ఊపులో, లోపం ఉండదు, చెడేది వేళ. కాలు ఆలస్యంగా కదులుతుంది, ఆ ఆలస్యాన్ని పూడ్చాలన్న కంగారులో వదిలేయాల్సిన బంతికి కూడా బ్యాటు వెళ్లిపోతుంది. మా పెద్ద కోచ్ అప్పుడు స్వింగ్ జోలికి పోడు. టీ అనే నిలువు స్టాండు మీద బంతి పెట్టి కొట్టిస్తాడు. ఆ తరువాత పిచ్చర్ సాధన చేస్తుంటే ఎదురుగా నిలబెట్టి, బ్యాటు ఊపకుండా బంతిని చూస్తూ కాలు మాత్రం వేళకు వేయమంటాడు.

నా అసలు పని మాత్రం అంతకు ముందే, వాడు బాగా కొడుతున్న వారాల్లో జరిగిపోతుంది. అప్పుడు వాడికి ఒక్క అంకె కూడా చూపించను, అన్నీ తరువాత పనికొచ్చేలా భద్రపరుస్తాను. జూలైలో తడబడినవాడికి పెద్ద లీగ్ స్టార్ వీడియో కన్నా వాడిదే మే నెల వీడియో ఎక్కువ ఉపయోగపడుతుంది. శాన్ డియేగో ఆటగాడు టోనీ గ్విన్ 1983లోనే తన ఆటలు భార్య చేత టీవీ నుంచి రికార్డు చేయించుకుని చూసుకునేవాడు. ఇరవై సీజన్ల తరువాత అతని బ్యాటింగ్ సగటు .338, అంటే వెయ్యింట 338 హిట్లు.

అయితే ఫామ్‌లో ఉన్నవాడి దగ్గర నోరు మెదపకపోవడం ఉద్యోగమంటే మనవాళ్లకు మింగుడు పడదు. మొన్న ఒక తండ్రి అడిగారు.

"ఈ రోజు బాబుకు ఏం నేర్పారండీ?"

"ఏమీ లేదండీ, చాలా బాగా కొడుతున్నాడు."

"మరి ఫీజు దేనికండీ?"

బదులు చెప్పేలోపు కోచ్ వచ్చి, వచ్చే వారం కూడా ఇదే సమయమని చెప్పి వెళ్లిపోయాడు.