అటక మీద బొంత

2009లో నేను మొదటిసారి అమెరికా బయల్దేరే ముందు రోజు మా అమ్మ నా పెట్టె అడుగున ఒక బొంత పరిచింది. మా అవ్వ కట్టి కట్టి మెత్తబడిపోయిన నూలు చీరలతో కుట్టిన బొంత. "ఆడ చలి జాస్తి అంట కదా, ఉండనీ" అంది. రాత్రి అందరూ పడుకున్నాక దాన్ని మెల్లగా తీసి అటక మీదికి తోసేశాను. పెట్టెకు 23 కిలోలే కదా, బరువు ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. తీసిన చోటులో రెండు ప్యాకెట్ల నిప్పట్లు, ఒక ప్రెషర్ కుక్కర్ పెట్టాను. కుక్కరేమీ బొంతకంటే తేలిక కాదు.

అసలు సంగతి సిగ్గు. రజాయి కొనుక్కోలేని ఇళ్ళలో కప్పుకునేది బొంత అని నా లెక్క. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపిస్తే పదిమంది ముందు ఆ పాత చీరలు బయటపడతాయేమోనని టెన్షన్.

పదేళ్ళు తిరిగాక, ఒహాయోలో మేముండే ఊరి లైబ్రరీలో, మూడు వారాల క్లాసుకు తొంభై డాలర్లు కట్టి క్విల్ట్ కుట్టడం నేర్చుకున్నాను. అక్కడ కొత్త బట్ట కొని, ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని మళ్ళీ అతికిస్తారు. పైన ఆ అతుకుల పొర, మధ్యలో పలచటి దూది పొర, కింద ఇంకో బట్ట. మూడూ కలిసి ఉండేలా అంతటా కుట్లు వేస్తే క్విల్ట్. నేను డబ్బు కట్టి నేర్చుకుంటున్నది ఏమిటో అప్పుడు తట్టలేదు. తట్టినా ఒప్పుకోలేదేమో.

క్లాసు అయిపోయినా మేం ఎనిమిదిమందిమి గురువారాలు కలుస్తూనే ఉన్నాం. అందరిలోకీ పెద్దావిడకు ఎనభై దాటాయి. మా పెద్దదానికి అప్పుడు ఏడేళ్ళు. ఇంట్లో వదిలిపెట్టే దిక్కులేక వెంట తీసుకెళ్ళేదాన్ని. బల్ల కింద కూర్చుని, కింద పడిన గుండుసూదుల్ని అయస్కాంతంతో ఏరడం దాని మొదటి ఉద్యోగం. పదేళ్ళ వయసుకు పావు అంగుళం వదిలి గీత గీసినట్టు కుట్టడం వచ్చేసింది.

డిసెంబరులో ఆ గుంపుకు ఒక ఆట ఉంది. క్రిస్మస్‌కు ముందు గురువారం ఒక్కొక్కరూ ఒక్కో బట్ట ముక్క కాగితంలో చుట్టి తెస్తారు. ఆ ముక్కను ఫ్యాట్ క్వార్టర్ అంటారు. గజం బట్టలో పావు వంతు అడిగితే దుకాణంలో మామూలుగా 9 అంగుళాల సన్నటి పట్టీ కోసిస్తారు, దానితో పెద్దగా పని జరగదు. అందుకని అర గజం కోసి దాన్ని మధ్యకు చీలుస్తారు. 18 అంగుళాలు, 22 అంగుళాలు ఉండే నిండైన ముక్క వస్తుంది. అందరూ గుండ్రంగా కూర్చుంటే ఒకరు కథ చదువుతారు. కథలో 'ఎడమ' అన్న మాట వస్తే పొట్లం ఎడమ పక్కవాళ్ళకు, 'కుడి' అంటే కుడి పక్కవాళ్ళకు. కథ ఆగేసరికి చేతిలో ఏది ఉంటే అది మనది. ఇంతే ఆట. దీనికోసం మా పెద్దది ఏడాదంతా ఎదురుచూస్తుంది.

2024 సంక్రాంతికి తిరుపతి వెళ్ళాం. స్కూల్లో సెలవు అడగడానికి పడ్డ పాట్లు వేరే రాయాలి. అమ్మావాళ్ళ ఇల్లు కొర్లగుంటలో. మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది, రాత్రయితే ఘాట్ రోడ్డు దీపాలు.

ఆ మిద్దె మీదే ధనుర్మాసం మధ్యాహ్నాలు అమ్మా, ఎదురింటి అత్తా, పక్కింటి పెద్దమ్మా, ఆ వీధిలోనే అద్దెకుండే టీచరక్కా కూర్చుని బొంత కుడతారు. ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే వరస. ఏడాదికి ఒకరింటికి బొంత. ఎవరి వంతయితే వాళ్ళు కాఫీ, చిరుతిండి పెట్టాలి. పొద్దున్నే ముగ్గులు, మధ్యాహ్నం కుట్లు, భోగికి ముందు ముగించేయాలి. భోగి మంటలోకి చాప పోతుంది, చీపురు పోతుంది, విరిగిన కుర్చీ పోతుంది. నూలు చీర మాత్రం పోదు. అది బొంతలోకి. నేను ఈ మిద్దె మీదే డిగ్రీ పరీక్షలకు చదువుకున్నాను. వాళ్ళు చేసేదాన్ని ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు.

బొంతకు కొలబద్ద లేదు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు పెడితే ఒక మనిషి కప్పుకోవడానికి సరిపోతుంది, అదే కొలత. లోపల చిరిగిన పంచెలు, లుంగీలు పరుస్తారు. పట్టు పనికిరాదు, సిల్కు జారిపోతుంది, నైలాను చెమట పట్టిస్తుంది. దబ్బనంతో అంచు దగ్గర మొదలుపెట్టి, నలుగురూ నాలుగు వైపులా కూర్చుని, లోపలికి చుట్టు మీద చుట్టు కుట్టుకుంటూ పోతారు. మధ్యకు వచ్చేసరికి నలుగురి మోకాళ్ళూ తగులుతాయి.

మా పెద్దది తన సామాను దించింది: స్కేలు, నీళ్ళు తగిలితే చెరిగిపోయే పెన్ను, వేలికి తొడుక్కునే లోహపు టోపీ. టోపీని అందరూ ఒకరి వేలికి ఒకరు పెట్టుకుని నవ్వారు, వాళ్ళకు చూపుడు వేలికి గుడ్డ పీలిక చుట్టుకోవడమే అలవాటు. "నేను కూడా కుట్టొచ్చాండీ?" అని అడిగింది. 'అండీ' అనగానే మళ్ళీ నవ్వు. మావైపు అక్కా, అత్తా, అవ్వా తప్ప 'అండీ' ఎక్కడిది? ఆదివారం తెలుగు క్లాసులో ఐదేళ్ళు నేర్పింది ఇంకో జిల్లా మర్యాద. సరే, అదీ తెలుగే.

ఒక మూల ఇచ్చారు. గంటసేపు వంచిన తల ఎత్తకుండా కుట్టింది. గీత నిటారుగానే ఉంది గానీ, దళసరి బట్ట కదా, కుట్లు పొడుగైపోయాయి. ఎదురింటి అత్త వచ్చి చూసింది, ఒక్క మాట అనకుండా కత్తెర తీసుకుని మూడు వరసలూ విప్పేసింది.

పిల్ల ముఖం ఎర్రబడింది. కిందికి దిగి వెళ్ళి గదిలో తలుపేసుకుంది. ఒహాయోలో ఒకరు కుట్టింది ఇంకొకరు అడక్కుండా ముట్టుకోరు. వంకర పోయినా "ఎంత బాగుందో" అంటారు. నాకూ కోపం వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, పది రోజులకు వచ్చిన పిల్ల, కాస్త మెల్లగా చెప్పొచ్చు కదా అన్నాను.

"చుట్టం కుట్టిన కుట్టయితే అట్లే ఇడిసిపెడతాం మే, బాగుండాదని చెప్పి పంపిస్తాం. ఇంటి పిల్ల కదా, అందుకే ఇప్పినా" అంది అత్త. నా వైపు చూడను కూడా చూడలేదు, దారం కొరుకుతూ.

మర్నాడు పిల్ల తనే మిద్దె ఎక్కింది. నేను పంపలేదు. అత్త తన కాలు చాపి మెట్టెలు చూపించింది. "కుట్టు పొడుగైతే రేత్రి ఈ మెట్టెలు తగులుకుంటాయి పాపా. ఒక పోగు తెగితే వరసంతా పోతాది. ఈ ఏలు దూరకూడదు, అంతే." క్విల్ట్ పుస్తకాల్లో అంగుళానికి ఎన్ని కుట్లు పడాలో రాసి ఉంటుంది. కాలి వేలితో కొలవాలని ఎందులోనూ చూడలేదు. ఆ సాయంత్రానికి మా పిల్ల కుట్టు పొడుగు సగానికి తగ్గింది. మళ్ళీ విప్పలేదు. మెచ్చుకోనూ లేదు.

పాత చీరల కోసం అటక వెతికింది కూడా అదే. నిచ్చెన మీద నుంచి "అవ్వా, ఇక్కడ క్విల్ట్ ఉంది!" అని అరిచింది. కింద నేను బియ్యం ఏరుతున్నాను.

"అది మీ అమ్మది లే పాపా. అప్పట్లో బరువైందంట" అంది మా అమ్మ.

పదిహేనేళ్ళు ఆ మాట దాచుకుందన్నమాట. నేను తల ఎత్తలేదు.

భోగి మంట దగ్గర మా చిన్నోడికి ఒక పలక, అంటే చిన్న డప్పు, దొరికింది, వాడి పండగ మొత్తం దాన్ని వాయించడంలోనే గడిచింది. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకున్నాక, సాయంత్రం పేరంటంలో మా పెద్దది ఆ ఎడమ-కుడి ఆట ఆడిద్దామంది. బట్ట ముక్కలెక్కడివి అంటే, బీరువా తెరిస్తే చాలదూ! తాంబూలాల్లో వచ్చిన జాకెట్టు గుడ్డలు ప్రతి ఇంట్లో ఒక దొంతర ఉంటాయి. ఎవరూ కుట్టించుకోరు, ఒకరింట్లో తీసుకున్నది ఇంకొకరింట్లో ఇస్తారు. ఫ్యాట్ క్వార్టర్లు దాచుకునే అమెరికా ఆడవాళ్ళను చూసి నేను నవ్వేదాన్ని, మనమేం తక్కువ.

కథ తనే రాసుకుంది. ఒక అవ్వ లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో ఎక్కి గోవిందరాజస్వామి గుడికి పోదామంటే, ఆటో అతను ఎడమకు పోనిచ్చి, కుడికి తిప్పి, మళ్ళీ ఎడమకు. మొదటి 'ఎడమ' దగ్గరే ఆట ఆగింది. జాకెట్టు గుడ్డ ఎడమ పక్కకు ఇస్తే ఎడం చేత్తో ఇచ్చినట్టే కదా అని పెద్దమ్మ. పండగ పూట అదేమి ఆట అని ఇంకొకావిడ. ఐదు నిమిషాలు చర్చ. చివరికి అమ్మ తేల్చింది: "పక్క ఎడమైతే ఏమి, చెయ్యి కుడిది కావాల." ఇక ఎడమ పక్కకు కుడి చేత్తో ఇవ్వాలని అందరూ ఒళ్ళు మెలితిప్పుకుంటూ ఆడారు. కథ అయిపోయాక పొట్లం విప్పి టీచరక్క, "ఇది నేను మీ ఇంటి గృహప్రవేశానికి ఇచ్చిందే కదా!" అంది ఎదురింటి అత్తతో. అత్తకు ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను ఆవిడను అలా చూడటం అదే మొదలు.

తిరిగి వచ్చే ముందు శ్రీకాళహస్తి వెళ్ళి గురువారం గుంపుకు కలంకారీ బట్ట కొన్నాం. తిరుపతి దుకాణాల్లో ఆ పేరుతో దొరికేదాంట్లో అచ్చు వేసినదే ఎక్కువ, అందుకే అక్కడిదాకా. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టిన బట్ట మీద, గుడ్డ చుట్టిన వెదురు పుల్లతో గీస్తున్నారు. ఆ నలుపు ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెడితే వచ్చేది. మా పిల్ల బట్ట వాసన చూసి ముక్కు మూసుకుని, మళ్ళీ చూసింది.

అటక మీది బొంతను పెట్టెలో పెట్టనివ్వలేదు, విమానంలో కప్పుకుని వచ్చింది. గురువారం గుంపులో విప్పితే, అందరూ వెంటనే వెనక్కి తిప్పారు. క్విల్ట్ కుట్టేవాళ్ళు మొదట చూసేది వెనక వైపే, పనితనం అక్కడ తెలుస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉంది. మా పిల్ల చెప్పు విప్పి, కాలి వేలితో మెట్టెల సంగతి వివరించింది.

ఆ డిసెంబరు ఆటకు కలంకారీ కాకుండా తిరుపతి జాకెట్టు గుడ్డే చుట్టింది. లేత ఆకుపచ్చ రంగుది. ఎనభై దాటిన పెద్దావిడకు వచ్చింది. విప్పితే ఒక మూల పసుపు మరక, తాంబూలంలో అంటుకున్నది. ఉతికితే పోతుందా అని ఆవిడ అడిగింది. ఎందుకు అంటుకుందో మా పిల్ల తన లెక్కలో ఏదో చెప్పింది, సగం సరిగ్గానే.

జనవరిలో ఆవిడ ఆ ముక్కతో ఒక చదరం కుట్టి తెచ్చింది. మరక ఉన్న మూల కోసి పారేయలేదు, సరిగ్గా నడిమధ్యకు వచ్చేట్టు కోసింది. పసుపు ఎండకు వెలిసిపోతుందని నేను చెప్పలేదు.