నాన్న అద్దం: 400 నంబరు పొడి దగ్గర్నుంచి మళ్లీ మొదలు

మల్లేశ్వరం ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద బిస్కెట్ డబ్బాలో దొరికింది. పాత లుంగీలో చుట్టిన ఆరంగుళాల గాజుబిళ్ల, కింద నాన్న నోట్‌బుక్. 1986లో హేలీ తోకచుక్క వచ్చేలోపు టెలిస్కోపు చేసి మాకు చూపించాలని దీన్ని మొదలుపెట్టారు. కాలేదు. తోకచుక్కని ఎవరిదో బైనాక్యులర్స్‌తో చూశాం. నాకైతే దూది ఉండలా కనిపించింది.

విమానాల లోహం ఎన్నిసార్లు వంగితే పగులు మొదలవుతుందో లెక్కపెట్టడం నాన్న ఉద్యోగం. నోట్‌బుక్‌లోనూ అదే అలవాటు. 80 నంబరు కార్బోరండంతో (గాజుని అరగదీసే గరుకు పొడి, నంబరు పెరిగేకొద్దీ మెత్తన) గుంట తీయడం, తర్వాత 120, 220, 320, 400, ఒక్కో దఫా ఎన్ని నిమిషాలు రుద్దారో అన్నీ ఉన్నాయి. మధ్యలో ఇలాంటివి: "చిన్నదానికి జ్వరం, 102. ఇవాళ రుద్దలేదు." "అత్తగారిని రైలెక్కించాలి. ఇవాళ రుద్దలేదు." చివరి పేజీ 1988 ఫిబ్రవరి: "పెద్దదానికి రేపు లెక్కల పరీక్ష. ఇవాళ రుద్దలేదు." ఆ పెద్దదాన్ని నేనే. వచ్చింది 61.

మొదటి రెండు ఆదివారాలు

భూతద్దంతో చూస్తే అంచు దగ్గర ముతక పొడి చేసిన గుంటలు ఇంకా ఉన్నాయి. వెనక్కి 320కి వెళ్లాను. ఇసుక నింపిన నీళ్ల డ్రమ్ము మీద కింద పలక, పైన అద్దం. చెంచాడు పొడి, కాసిని నీళ్లు, ముందుకీ వెనక్కీ తోస్తూ డ్రమ్ము చుట్టూ తిరగడం. ఐదారు నిమిషాలకి చప్పుడు మెత్తబడుతుంది, అంటే పొడి అరిగిపోయినట్టు. కడిగి మళ్లీ వేయాలి. పొడి నంబరు మార్చినప్పుడు కింద పరిచిన పేపరు కూడా మార్చాలి. నేను మార్చలేదు. బొటనవేలంత గీత పడింది, ఒక ఆదివారం దండగ.

మూడు నుంచి ఆరు

అద్దాన్ని తడిపి ఎండలో పట్టుకుంటే సూర్యుడి బొమ్మ గోడ మీద చిన్నగా, స్పష్టంగా పడే దూరమే ఫోకల్ లెంగ్త్. నాన్న 1200 మి.మీ. రాసుకున్నారు. నాకూ దాదాపు అంతే వచ్చింది.

పాలిష్‌కి తారులా నల్లటి పిచ్ కావాలి, కింద పలక మీద పొరలా పోసి కాలవలు గీయాలి. మరగనివ్వకూడదు, ఊరికే కరగాలి. అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. "మీ నాన్న ఒకసారి నా పాలగిన్నెలో కాచారు, ఇంక చాలు" అంది. మేడ మీద కరెంటు స్టవ్వు పెట్టుకున్నాను. ఏప్రిల్ ఎండకి పిచ్ మెత్తబడి కాలవలన్నీ పూడుకుపోయాయి. ఇప్పుడు పొద్దున్న ఆరింటికే కూర్చుంటున్నాను. సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడితో ఏడు గంటలు రుద్దాక గరుకంతా పోయింది.

ఏడు

నోట్‌బుక్‌లో ఒకచోట 2.34 అని రాసి రెండుసార్లు చుట్టూ గీశారు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ టెలిస్కోపు అనుకున్నాను, దాని అద్దం వెడల్పు 2.34 మీటర్లు. 1986 జనవరిలో దానికి ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టారు. తీరా చూస్తే అది మా అద్దం లెక్క. అద్దం వంపు సరిగ్గా ఉందో లేదో చూసే బ్లేడు పరీక్షలో మధ్యభాగం వెలుగు కలిసే చోటుకీ, అంచు వెలుగు కలిసే చోటుకీ ఉండాల్సిన తేడా: అద్దం వెడల్పులో సగం 75ని 75తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌కి రెట్టింపు 2400తో భాగిస్తే 2.34 మి.మీ. పక్కన పెన్సిల్‌తో "కావలూరుకి మీటర్లు, మనకి మిల్లీమీటర్లు" అని ఉంది.

ఎనిమిది

హాల్లో సోఫా పక్కన అద్దం, 2400 మి.మీ. దూరంలో వంటింటి గుమ్మం దగ్గర ఎస్‌పీ రోడ్డులో కొన్న ఎల్ఈడీ, షేవింగ్ బ్లేడు. లైట్లార్పి బ్లేడు జరిపితే అద్దం మీద నీడ పాకింది. గాజు మీద అరచెయ్యి ఒక్క నిమిషం పెట్టి తీస్తే అక్కడ బుడిపె లేచినట్టు కనిపిస్తుంది, వేడికి అంత ఉబ్బుతుంది. అమ్మ కూడా చెయ్యి పెట్టి చూసుకుంది. తేడా 2.34 రావాల్సింది, 1.5 మి.మీ. వచ్చింది. మధ్యలో ఇంకా లోతు తీయాలి.

తొమ్మిది

అమ్మకి శుక్రవారం కంట్లో శుక్లం తీశారు. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేయాలి. ఇవాళ రుద్దలేదు.